నాడె అందిచ్చే చెయ్యి

నేను చదివింది రెండో తరగతి. అది గూడ పూర్తిగ కాదు. తమ్ముడు పుట్టంగనే వాన్ని ఎత్తుకోవాలె గదా అని బడి మాన్పిచ్చిన్రు. అక్షరాలు మాత్రం పోలేదు. నేత కార్ఖానల భివండి పట్నానికి వచ్చినంక, ఊరికెల్లి వచ్చినోళ్ళు తొక్కులు చుట్టి తెచ్చిన పేపరు ముక్కలు పారెయ్యకుంట దాచి చదువుకునేదాన్ని. ఆ అలవాటుతోనే ఇప్పుడు ఇది రాస్తున్న.

మా గల్లిల ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని దగ్గుతున్నది. ఏందమ్మా అని అడిగితే "ఏం లేదక్కా, నూలు దుమ్ము" అంటది. నేను గూడ గట్లనే అన్న. ఆమెకు ఇది చదివి ఇనిపియ్యాలని ఉన్నది. ఇంకొకటి, నాకు ఇప్పటికీ పొద్దుమీకి కాంగనే భయమైతది. జరిగింది జరిగినట్టు ఒక తాన పెడితే కొంచెం నిమ్మళం అయితదేమో చూడాలె.

మాది నేసెటోళ్ళ ఇల్లు. ఊర్ల చేతిమగ్గం మీద బతుకు ఎల్లక మా ఇంటాయన ముందుగాల ఈడికి వచ్చిండు. ఎనుక నన్నూ కొడుకు శంకర్‌నూ తీసుకొచ్చిండు. ఆయన పేరు రాయను. నోటితోనే ఏనాడు పిలువలేదు, కాయితం మీద ఎందుకు. ధామన్కర్ నాకా చౌరస్తాకు అవతల ఒక సేటు కార్ఖానల సాంచలు నడిపేటోడు. కరెంటు మగ్గాన్ని మేము సాంచ అంటం. మా ఇల్లు గూడ ఆ కార్ఖాన గోడకు ఆనుకొనే ఉన్నది.

సాంచ మీద నాడె అటూ ఇటూ ఉరుకుతది. నాడె కడుపుల నూలు చుట్టిన కండె ఉంటది. కండె అయిపోతే సాంచ ఆపాలె. కొత్త కండె పెట్టి, దాని కొసను నాడెకున్న సన్నని కన్నుల నుంచి బయటికి తియ్యాలె. ఏలుతోని రాదు. నోరు ఆనిచ్చి పీల్చాలె. ఒక్క పీల్పుకు పోగు నాలిక మీదికి వస్తది. మా తాన అందరు గట్లనే చేస్తరు. మొగోళ్ళు ఎవరి నాడెలు వాళ్ళే నింపుకుంటరు. మా ఇంటాయన నాడెలు మాత్రం నేను నింపేదాన్ని. వంట ముగిచ్చి పోయి, ఆయన ఎనుక గోనెసంచి ఏసుకొని కూసునేది. నేను కండెలు పట్టి నాడెలు నింపి ఇస్తే, ఆయన సాంచలు నడుపుకుంట తెగిన పోగులు అతికేటోడు. సాంచల సప్పుడుల మాట ఇనవడదు. ఆయన చెయ్యి ఎనుకకు చాపుతడు, నేను నాడె పెడుత. మా ఇద్దరి మాట గదే.

గట్ల చేసుడుతోని ఆయన పక్కోళ్ళ కన్న ఎక్కువ సాంచలు చూసుకునేటోడు. కూలి ఆయన పేరు మీదనే వచ్చేది. తెచ్చి నా చేతుల పెడుతుండె, నేను డబ్బల ఏస్తుంటి. ఎవరిది ఎంత అన్న మాట మా నడుమ ఏనాడు రాలేదు.

కరువు ఏడు ఎండకాలంల దగ్గు మొదలైంది. నూలు దుమ్ము అన్న. రేషనుల ఎర్ర జొన్నలు ఇస్తుండిరి. రొట్టె చేస్తే చెక్క లెక్క అయ్యేది. ఆకలి పోతే ఆ జొన్నల తప్పే అనుకున్న. పొద్దుమీకి ఒళ్ళు ఎచ్చగైతే ఎండ అనుకున్న. రవికె వదులైతే కోడలు సుగుణతోని కుట్లు ఏపిచ్చుకున్న, కొత్తది దండుగ గదా అని.

ఒకనాడు ఎప్పటి లెక్కనే నాడె పీల్చిన. పోగు నాలిక మీదికి వచ్చింది. తెల్ల నూలు, కొస మాత్రం ఎర్రగున్నది. పంటి చిగుళ్ళ నెత్తురేమో అనుకొని కొంగుతోని తుడిచి మల్ల పీల్చిన. మల్ల ఎరుపే. మా ఇంటాయన చెయ్యి చాపిండు. నేను నాడె పెట్టలేదు. చెయ్యి ఇంక కొంచెం ఎనుకకు చాపి ఏళ్ళు ఆడిచ్చిండు. అయినా పెట్టలేదు. అప్పుడు తిరిగి చూసిండు. నా మొఖం చూసిండు, పోగు చూసిండు. ఒకటెనుక ఒకటి సాంచలన్నీ బందు పెట్టిండు. కరెంటు ఉండంగ ఆయన సాంచ బందు పెట్టుడు నేను గప్పుడే చూసిన.

సర్కారు దవాఖానల పొడుగు బల్ల ఒకటి ఉంటది. దాని మీద కూసున్నోళ్ళ నడుమ ఎప్పుడు జాగ ఉంటది, ఎవ్వలూ ఒకల పక్కన ఒకలు ఆనుకొని కూసోరు. ఎవలైనా దగ్గితే మిగిలినోళ్ళు గోడ దిక్కు చూస్తరు. నా పక్కకు మాత్రం ఒకామె వచ్చి కూసున్నది. నల్ల బురఖా, సన్నటి చేతులు. వాళ్ళాయన గూడ సాంచల మీదనే. ఆమె నాకన్న కొంచెం పెద్ద. ఖాలా అని పిలిచిన.

"పహలీ బార్ ఆయీ?" అన్నది. మొదటిసారేనా అని.

తలకాయ ఊపిన.

"రోనా నక్కో. ఆంసూ సే దవా నై ఉతర్తీ." ఏడ్వకు, కన్నీళ్ళతోని మందు దిగదు అన్నది. దస్తీల ముడి ఏసిన నిమ్మచెక్క తీసి సగం నాకు ఇచ్చింది. పొడి మందు మింగినంక ఇది చప్పరిస్తే కడుపుల తిప్పుడు ఆగుతదట. అప్పటికి నాకు ఏ మందు ఇస్తరో, ఇస్తరో ఇయ్యరో గూడ తెల్వది. నిమ్మచెక్క మాత్రం చేతికి వచ్చింది.

ఛాతి ఫొటోకు ఠాణా పట్నం పోయినం. కాశేలి తాన ఖాడీ, గదే సముద్రపు పాయ, దాటుతుంటే బస్సు కిటికీల నుంచి సల్లగాలి కొట్టింది. మంచిగ అనిపియ్యాలె. నాకు మాత్రం ఇదే తొవ్వల తిరిగి వస్తనా అనిపిచ్చింది. మా ఇంటాయన కిటికీ మూసిండు. "గాలి తగులుతది" అన్నడు. పొద్దంత ఆయన మాట్లాడింది గంతే.

టీబీ అన్నరు.

ఆ మాట ఇంట్లకు వచ్చినంక ఇల్లు మారిపోయింది. నా పళ్ళెం, నా గిలాస, నా చాప వేరు. ఆ పని ఎవ్వలూ చెయ్యకముందే నేనే చేసుకున్న. పళ్ళానికి గుర్తుకు మొలతోని గీత పెట్టిన. మనుమరాలు లత అప్పుడప్పుడే తప్పటడుగులు ఏస్తుండె. నన్ను చూడంగనే చేతులు చాపేది. సుగుణ దాన్ని చంకల ఏసుకొని లోపటికి ఉరికేది. ఆమెను ఏమనాలె? నేనే ఆమె జాగల ఉంటే ఇంక దూరం ఉరుకుదును.

ఒక ఐతారం శంకర్ వాళ్ళ బాపు ముందట కూసున్నడు. నేను గడప అవతల ఉన్న.

"బాపూ, అవ్వను మామ తానకు పంపుదాం. ఊరి గాలి మంచిగుంటది. పాలు దొరుకుతయి."

"ఊర్ల బర్రెలకే గడ్డి లేదు. పాలు యాడికెల్లి వస్తయిరా?"

"గట్ల కాదు బాపూ. ఇంట్ల పసిపిల్ల ఉన్నది. ఆడిమనిషికి సుస్తి చేస్తే తల్లిగారింటికి పోవుడు మనోళ్ళల్ల ఉన్నదే గదా."

ఉన్నది. మా వోళ్ళల్ల ఆడిమనిషికి పెద్ద రోగమొస్తే తల్లిగారు తీసుకపోయి మందు ఇప్పిచ్చుకోవాలె. మంచిగైతే మల్ల తోలుతరు. కాకపోతే ఆడనే. నా అవ్వ లేదు, నా బాపు లేడు, ఉన్నదల్లా తమ్ముడు. నేను బడి మానేసి ఎత్తుకున్న తమ్ముడే. వాని పెండ్లాం నన్ను పశువుల కొట్టంల పండవెడ్తదని నాకు తెల్సు. ఎవ్వలకూ చెప్పలేదు. గడప పట్టుకొని ఇంటున్న. పోతే తిరిగి రానని గుండెకాయకు తెల్సు.

మా ఇంటాయన అన్నడు: "దీన్ని పంపుతే నాడెలు ఎవ్వలు నింపుతరు?"

"నాడెలదేముంది బాపూ..."

"ఏముందా? సాంచలు సగమైతే ఇంట్ల పొయ్యి సగమైతది. నువ్వు నింపుతవా? నీ పెండ్లాం నింపుతదా? పంపుడు లేదు గింపుడు లేదు. లే."

శంకర్ లేచిండు. నాకు ఆ మాట ముల్లు లెక్క దిగింది. ఇన్నేండ్ల కాపురం, ఆఖరికి నాడె కోసం ఉంచుకుంటున్నడు అనుకున్న. ఆయన మీది కోపంతోని ఆ పూట అన్నం ముట్టలేదు. రోగం కన్న ఆ కోపమే నన్ను నిలబెట్టిందో ఏమో.

డాక్టరు బరువు పని వద్దన్నడు. కూసొని చేసే పని బరువు కాదు గదా అనుకున్నం. సూదిమందు ఏపిచ్చుకొని వచ్చి గోనెసంచి మీద కూసునేదాన్ని. కండెలు పట్టుడు మానేసి ఒక్క నాడెలు నింపుడే. తల తిరిగేది. చెవుల్ల గుయ్యుమనేది, అది సాంచల సప్పుడో మందు సప్పుడో తెల్వకపోవు. పోగు పీల్చాలె, చేతుల పెట్టాలె. నేను ఇంటికి పోయిన యాళ్ళ అవే నాడెలు ఆయన పీల్చుకునేటోడు.

పళ్ళెం వేరు, గిలాస వేరు, చాప వేరు. నాడె మాత్రం ఒక్కటే. మాకు అది తట్టనే లేదు. నోట్ల పెట్టుకున్నా అది పనిముట్టు గదా, ఎంగిలి అనుకోలే. మా లెక్క నేసెటోళ్ళు తప్ప ఇట్లాంటి తప్పు ఎవ్వలూ చెయ్యరు.

వానలు పడ్డయి. గణపతుల పండుగ దినాలల్ల ఆయన దగ్గుడు మొదలు పెట్టిండు. "నూలు దుమ్ము" అన్నడు. ఆ మాట ఇనంగనే లేచిన. చెయ్యి పట్టి గుంజుకపోయిన. నాకు సూది ఏసే డాక్టరు తానకే.

"ఇంట్ల పళ్ళాలు వేరు పెట్టుకున్నరా?" అని అడిగిండు డాక్టరు.

"అన్ని వేరే సాబ్. పళ్ళెం మీద గీత గూడ పెట్టిన."

"ఏం పని చేస్తరు?"

చెప్పిన. ఆయనకు సమజ్ కాలే. పిడికిలి నాడె లెక్క పట్టుకొని, నోటికి ఆనిచ్చి, పీల్చి చూపిచ్చిన. ఎనుకకు తిరిగి మా ఇంటాయన చేతుల పెట్టినట్టు పెట్టిన. రోజూ చేసే పనే గదా, ఆయన చెయ్యి దానంతటదే ముందుకు వచ్చింది.

డాక్టరు కలం కింద పెట్టిండు. ఆయన అనకముందే మాకు తెల్సిపోయింది. నా పిడికిలి ఇంక ఆయన అరచేతులనే ఉన్నది.

మల్ల ఠాణా. మల్ల అదే ఖాడీ. ఈసారి ఫొటో ఆయనది. బయట బల్ల మీద కూసొని నేను దేవునికి ఏం మొక్కలేదు. మొక్కాలంటే ఏం మొక్కాలె? నాకు ఉన్నది చాలదా అనా? నేను పోతే ఆయన ఉన్నడు, ఇల్లు ఉంటది అనుకొని ఇన్ని దినాలు ధైర్యం చేసిన. ఇద్దరికీ వస్తే పసిపిల్ల ఉన్న ఇంట్ల ఎవ్వలు ఎవ్వలను చూస్తరు? బల్ల అంచు గట్టిగ పట్టుకున్న. చేతులకు చెక్క పేళ్ళు గుచ్చుకున్నయి, ఇంటికి వచ్చినంక గని చూసుకోలేదు.

ఆయనది నాకన్న ముదిరి ఉన్నది. పాతది గూడ కావచ్చు అన్నరు.

ఇంటికి వచ్చినంక శంకర్ అడిగిండు: "ఎవ్వలది ఎవ్వలకు అంటుకున్నది బాపూ?"

మా ఇంటాయన గోడకు ఆనుకొని కూసున్నడు. "ఆ నాడెను అడుగురా" అన్నడు.

మేమిద్దరం ఇల్లు ఇడిసిపెట్టినం. కార్ఖాన ఎనుక నూలు మూటలు పెట్టే రేకుల అర్ర ఉండె. సేటు ఊకెనే ఇచ్చిండు, ఎలుకల కావలి గూడ అయితదని అనుకున్నడేమో. అయినా ఇచ్చిండు. శంకర్ తన పని అయినంక వచ్చి బాపు సాంచలు నడిపేటోడు, అన్నీ కాదు, చేతనైనన్ని. నాడెలు నింపెటందుకు సుగుణ వచ్చింది. వచ్చిన మొదటి పొద్దే మా ఇంటాయన ఆమెను ఆపిండు. మూటలు కట్టే సన్నతీగ ముక్కను రాయి మీద అరగదీసి, కొస వంచి, కొక్కెం చేసిండు. ఆయాసపడుకుంట శానాసేపు చేసిండు.

"నోరు పెట్టకు బిడ్డా. దీంతోని గుంజు."

"లేటు అయితది మామా."

"కానియ్యి."

పక్క సాంచలోళ్ళు నవ్విన్రు. "ఏం పెద్దాయనా, నాడెకు ముక్కుపుడక చేపిస్తున్నవా?" అన్నడొకడు. ఆయన కొక్కెం సుగుణ చేతుల పెట్టిండు. జవాబు చెప్పాలంటే ఊపిరి కావాలె.

సుగుణ అన్నం తెచ్చి గడపల పెట్టి దూరం జరిగేది. లతను ఎత్తి చూపిచ్చేది. అది చేతులు చాపుడు మానేసింది. గదే నన్ను శాన ఏడిపిచ్చింది.

దవాఖాన బల్ల మీద ఒకనాడు ఖాలా లేదు. తెల్లారి గూడ లేదు. చీటీలు పిలిచే చప్రాసిని అడిగిన. "ములుక్ భేజ్ దియా" అన్నడు చీటీలు సరిచేసుకుంట. సొంతూరికి పంపిన్రట. మందు సగంలనే ఉండె ఆమెకు. ఆమె కూసునే జాగల నిమ్మచెక్క చేతుల పట్టుకొని కూసున్న. చప్పరియ్యలేకపోయిన. శంకర్ నన్ను ఊరికి పంపుదామన్న దినం మా ఇంటాయన నాడె మాట చెప్పకపోతే నేను గూడ గా తొవ్వనే పోదును. మనిషి మీద ప్రేమ పాయిరంతోని ఉంచుకుంటున్న అంటే కొడుకు ఇనకపోవు. పని ఆగుతదంటే ఎవ్వలూ ఎదురు చెప్పరు. అది నాకు ఆ బల్ల మీద తెల్సింది.

చలికాలం వచ్చింది. ఆయన చెంపలు కొంచెం నిండినయి, దగ్గు తగ్గింది. ఒకనాడు రేకుల అర్ర ఎనుక ఊడుస్తుంటే గోడ మొదట్ల తెల్లగ పొడి కనవడ్డది. మందు. ఒక్కనాటిది కాదు, మెట్టు లెక్క పేరుకున్నది.

"ఇదేందయ్యా?"

"సున్నం."

"సున్నం చేదుంటదా? నాలికకు పెట్టి చూసిన."

తల వంచుకున్నడు. "కడుపు మండుతున్నదే. మంచిగైన గదా. పనికి పోత. శంకర్ ఎన్నొద్దులు మోస్తడు?"

నేను లొల్లి పెట్టలేదు. నా పొడి, నా గోలీలు తెచ్చి ఆయన ముందట పెట్టిన. "ఇవి గూడ పారెయ్యి" అన్న.

"నీకు పిచ్చి లేసిందా? నీకు ఇంక జరం ఉన్నది."

"నువ్వు మింగనిది నేను మింగను. నాడెలు నింపెటోళ్ళు లేరని నన్ను ఉంచుకుంటివి. నువ్వు పోతే నేను ఎవ్వల కోసం నింపాలె?"

"బెదిరిస్తున్నవా?"

"అవును."

నిజంగనే మింగలేదు. పొద్దుగూకింది, తెల్లారింది, సూదికి గూడ పోలేదు. జరం ఎక్కువైంది. దగ్గితే మల్ల ఎరుపు పడ్డది. చచ్చిపోతనేమోనని భయమైంది, అబద్ధం ఎందుకు చెప్పాలె. అయినా పండ్లు బిగవట్టుకొని గోడ దిక్కు తిరిగి పండుకున్న. ఆయన లోపటికి వచ్చుడు, బయటికి పోవుడు. ఆఖరికి నా చాప పక్కన కూసున్నడు. రెండు పొట్లాలు, రెండు గిలాసలు.

"లే. నోరు తెరువు."

"ముందు నువ్వు."

"మొండిముండ" అనుకుంట నోట్ల పోసుకొని మింగిండు. మొఖం అంత ముడుసుకపోయింది. "థూ. నీ ఎర్ర జొన్న రొట్టె కన్న అధ్వానం ఉన్నది."

నవ్వు వచ్చి, నవ్వుతోని దగ్గు వచ్చి, దగ్గుతోని ఏడుపు వచ్చింది. ఆయన నా ఈపు మీద చెయ్యి పెట్టి కూసున్నడు. అటెనుక ఆఖరి దినం దాక ఒకల నోరు ఒకలు చూడకుంట మందు మింగలేదు. నాలిక కింద దాస్తున్నడేమోనని నేను ఏలు పెట్టి చూసేదాన్ని. ఆయన గూడ నాది చూసేటోడు.

ఇంకొక వానాకాలం, ఇంకొక చలికాలం గడిచినంక ఇద్దరి ఫొటోలు చూసి మందు బందు చెయ్యొచ్చు అన్నరు. ఇంటికి పోయినం. లత సుగుణ కొంగు ఎనుక దాసుకొని మమ్ములను చూసింది. మల్ల దగ్గరికి వచ్చెటందుకు దానికి శాన దినాలు పట్టింది.

నేను మంచిగైన. ఆయన రోగం పోయింది గని ఛాతి సగమే మిగిలింది. సాంచల నడుమ అటూ ఇటూ తిరిగితే ఊపిరి అందది. అందుకని నేను ఆయనను ఎంబడి పెట్టుకొని సేటు తానకు పోయి, ఆయన సాంచలు నేను నడుపుత అన్న.

సేటు మా ఇంటాయన దిక్కు చూసిండు. "ఆడిమనిషి సాంచ నడుపుతదా?"

"ఇన్నేండ్లు నా ఎనుక కూసొని ఏం చూసింది సేట్? సాంచనే గదా" అన్నడు ఆయన.

ఇప్పుడు రెండు సాంచలు నావి. గోనెసంచి ఆయనది. కొక్కెంతోని పోగు గుంజి నాడెలు నింపుతడు. లేటు అయితది, కానియ్యి. నవ్వినోళ్ళల్ల ఒకరిద్దరు ఆయన తాన తీగ కొక్కెం చేపిచ్చుకపోయిన్రు.

మా గల్లి ఆమెకు నేను చెప్పేది ఒక్కటే. నాడె నోట్ల పెట్టకు. దగ్గును నూలు దుమ్ము అనకు. నిన్ను ఊరికి పంపుత అంటే పోకు. నీ పెనిమిటి మందు నువ్వు చూడు, నీ మందు ఆయనను చూడుమను.

భయం మాత్రం నాకు పోలేదు. సాంచల సప్పుడుల ఆయన దగ్గినా నాకు ఇనవడదు. కండె అయిపోంగనే చెయ్యి ఎనుకకు చాపుత. ఒక్కొక్కసారి నాడె రాదు. ఏళ్ళు ఆడిస్త, రాదు. తిరిగి చూడాలంటే ధైర్యం చాలదు. చెయ్యి గట్లనే పెట్టి నిలవడుత.

నాడె వచ్చి అరచేతుల పడ్తది. తీసుకొని సాంచల ఏస్త.